గోడ దగ్గర రెండో తన్ను

కప్ప ఈతలో గోడను తన్ని బయల్దేరాక నీళ్ళ కింద ఒక్కసారి చేపలా తోకాడించొచ్చు. రెండుసార్లు ఆడించకూడదు. ఈ ఒక్క ముక్క సరిగ్గా జరుగుతోందో లేదో చూడడానికి ఏడాదిలో ఏడెనిమిది ఆదివారాలు నేను తెల్లప్యాంటు, తెల్లచొక్కా వేసుకుని, గాజువాక నుంచి స్కూటరు మీద వెళ్ళి, స్విమ్మింగ్ పూల్ గట్టు మీద నిలబడతాను. జీతం లేదు. మధ్యాహ్నం ఒక పులిహోర పొట్లం, ఒక అరటిపండు ఇస్తారు. "పరాయివాళ్ళ కాళ్ళు చూడడానికి ప్యాంటు ఇస్త్రీ చేయించుకునే మనిషి లోకంలో ఈయనొక్కడే," అని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. మిగతా రోజులు ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతాను. అక్కడా పైనుంచి కిందకి చూడడమే నా పని కాబట్టి నాకు పెద్ద తేడా తెలియదు.

బ్రెస్ట్ స్ట్రోక్‌ని మా ఇళ్ళలో కప్ప ఈత అంటాం. మోకాళ్ళు మడిచి, పాదాలు పక్కలకి విప్పి తన్నాలి. రెండు కాళ్ళూ జోడించి చేప తోకలా కొడితే దాన్ని డాల్ఫిన్ కిక్ అంటారు. అది వేరే ఈత సొమ్ము. అయితే దూకిన తర్వాత ఒకసారి, గోడ తిరిగిన తర్వాత, అంటే అవతలి గోడ ముట్టుకుని వెనక్కి మళ్ళాక, ఒకసారి, ఇంకా నీళ్ళ కిందే ఉండగా, మొదటి కప్ప తన్నుకి ముందు ఆ పరాయి సొమ్ముని ఒక్కసారి వాడుకోనిస్తారు. రెండోసారి వాడుకుంటే గట్టు మీదున్న నాలాంటివాడు చెయ్యి పైకెత్తుతాడు. చెయ్యి లేచిందంటే ఆ ఈత లెక్కలోకి రాదు. మొదట వచ్చినా రాదు.

మా రోజుల్లో ఆ ఒక్కటి కూడా ఉండేది కాదు. కాళ్ళు కలిపి కొడితే చాలు, బయటికి పంపేసేవారు. రూలు తర్వాత మారింది. ఎందుకు మార్చారో, ఒకటికి ఒప్పుకున్నవాళ్ళు రెండుకి ఎందుకు ఒప్పుకోలేదో నన్ను అడగొద్దు. నేను చెయ్యెత్తేవాణ్ణే గానీ రూలు రాసేవాణ్ణి కాదు.

నాకు ఈత నేర్పింది మా బావ. అప్పటికింకా బావ కాడు. సముద్రం ఒడ్డున మా పేటలో మాకు రెండు వీధుల అవతలుండే కుర్రాడు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మా నాన్నా, వాళ్ళ నాన్నా ఒకే పడవలో వేటకెళ్ళేవారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా మాకు ఒడ్డు మీద వేరే పనేం ఉండేది కాదు. ఒడ్డు దగ్గర కెరటం లేచి నిలబడినప్పుడు దానికి ఎదురు నిలబడకూడదు, వెనక్కి పరిగెత్తనూ కూడదు, దాని కిందకి దూరాలి అని బావే నేర్పాడు. దూరగానే కాళ్ళు రెండూ జోడించి ఒక తన్ను. ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా ఇంకో తన్ను. ఒకటి తన్ని ఊరుకున్నవాణ్ణి కెరటం వెనకనుంచి పట్టుకుని ఒడ్డుకి ఈడ్చిపారేస్తుంది.

"ఒకటి దూరడానికి, ఒకటి దాటడానికి. మర్సిపోయేవంటే ముక్కునిండా ఇసకే," అనేవాడు.

నేను రెండుసార్లు మర్చిపోయాను. ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు. మా పేటలో పుట్టినవాళ్ళెవరూ మర్చిపోరు. అది బుర్రలో ఉండే సంగతి కాదు, కాళ్ళలో ఉంటుంది.

పదిహేడేళ్ళకి మా కాలేజీవాళ్ళు నన్ను పూల్‌లోకి దించారు. నీళ్ళు కదలవు, ఉప్పగా ఉండవు, అడుగు కనిపిస్తుంది. ఇదేం ఈత అనుకున్నాను గానీ కప్ప ఈతలో నన్ను కొట్టినవాడు లేడు. జిల్లా పోటీ వచ్చింది. మొదటి ఇద్దరినీ రాష్ట్ర పోటీలకి పంపుతారు. ఆ వేసవిలోనే మా అక్కని బావకిచ్చి పెళ్ళి చేశారు. కొత్త పెళ్ళికొడుకు చొక్కాతోనే బావ నా ఈత చూడడానికొచ్చి, గోడ తిరిగే వైపు గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. అప్పట్లో అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

ప్రాక్టీసులో నేనొక్కణ్ణే ఈదేవాణ్ణి. ఆ రోజు ఎనిమిదిమందిమి ఒకేసారి గోడ మీదికి వెళ్ళాం. ఎనిమిదిమంది తోసుకొచ్చిన నీళ్ళు గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగాయి. నేను తిరిగి గోడను తన్నేసరికి ఆ నీళ్ళ ముద్ద నా మొహం మీదికి వచ్చింది. ఇక నా కాళ్ళకి పూల్ ఏమిటో, రూలేమిటో తెలియలేదు.

నిజం ఇక్కడే చెప్పేస్తాను. తన్నాను. రెండు తన్నాను. ఒకటి దూరడానికి, ఒకటి దాటడానికి.

నేనే మొదట వచ్చాను. తల పైకెత్తేసరికి అవతలి గట్టు మీద ఒక పెద్దాయన చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. పోర్టులో గుమాస్తాట. నన్ను పిలిచి, "కాళ్ళు కలిపి కొట్టావు బాబూ," అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నాను తన్నలేదు." రెండో మాట, "గంగమ్మ తల్లి మీద ఒట్టు." ఎందుకన్నానంటే ఏం చెప్పను. మొదట వచ్చినవాడి నోరు అలాగే ఉంటుంది. బావ పరిగెత్తుకుంటూ వచ్చాడు. నా వైపు ఒక్కసారి చూసి, "ఏరా, తన్నేవా?" అన్నాడు. "నేదు బావా," అన్నాను. అంతే, బావ ఆ పెద్దాయన చేతిలోంచి కాగితాలు పెట్టుకునే అట్ట లాక్కుని, కాగితాలతో సహా పూల్‌లోకి విసిరేశాడు.

నలుగురు కలిసి బావని బయటికి గెంటారు. మళ్ళీ ఈ గేటులో కాలు పెట్టొద్దన్నారు. మా బావ మాట పట్టింపున్న మనిషి, ఆ తర్వాత ఏ స్విమ్మింగ్ పూల్ గేటులోనూ కాలు పెట్టలేదు. ఆ పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా ప్యాంటు మడుచుకుని, నిచ్చెన మీంచి నీళ్ళలోకి దిగి, తేలుతున్న కాగితాలు ఒక్కొక్కటే ఏరుకుని, గట్టు మీద ఎండలో పరిచి, ఎగిరిపోకుండా వాటి మీద గులకరాళ్ళు పెట్టుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. సాయం కూడా పట్టలేదు.

ఇంటికొచ్చాక ఆ సంగతి పెద్ద కథ అయింది. పేదవాళ్ళ బిడ్డని తొక్కేశారన్నారు. పెళ్ళిళ్ళలో చెప్పారు, పేరంటాల్లో చెప్పారు. చెప్పమన్నప్పుడల్లా నేనూ చెప్పాను. ఎండుచేపలాగ ఆ అబద్ధం పాతబడే కొద్దీ గట్టిపడింది. కొన్నేళ్ళకి ఈత పోటీల జడ్జీల క్లాసులు పెట్టారంటే వెళ్ళి చేరాను. నాకు జరిగిన అన్యాయం ఇంకొకరికి జరగకూడదని చేరానని అందరికీ చెప్పుకున్నాను. తీరా వెళ్తే, పాఠం చెబుతున్నది ఆ పెద్దాయనే. జుట్టంతా తెల్లబడింది. "అనుమానం ఉంటే ఈదేవాడికే వదిలెయ్యండి. చూశామంటే మాత్రం చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి దించొద్దు," అన్నాడు. ఆయన నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. నేను వెనక బెంచీలో కూర్చుని బుద్ధిగా రాసుకున్నాను. ఇప్పుడాయన లేడు.

బావకి, అక్కకి చాలా ఏళ్ళు ఎదురుచూశాక ఒక ఆడపిల్ల పుట్టింది. నా మేనకోడలు. నడక వచ్చిన రెండేళ్ళకే దానికి కెరటం కింద దూరడం వచ్చు. నేర్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పదేళ్ళప్పుడు దాన్ని నాతో టౌన్‌షిప్ పూల్‌కి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. రాత్రి షిఫ్టు దిగి, తెల్లారి ఆరింటికి, ఇంకా ఎవరూ రాని పూల్‌లో దాన్ని దించేవాణ్ణి. గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టేవాణ్ణి. "ఒకటే. ఒకటి కొట్టి ఆగు. ఇప్పుడు కప్ప తన్ను." ఏడేళ్ళలో కొన్ని వేలసార్లు గోడ తిరిగి ఉంటుంది. ఎప్పుడు చూసినా ఒకటే కొట్టేది. గడియారం కొట్టినట్టు.

నా తప్పు అక్కడే ఉంది. మిగిలినవాళ్ళకైతే తప్పు కాదు, కదలని నీళ్ళలో నేర్పితే చాలు. మా పేట పిల్లకి కదలని నీళ్ళలో నేర్పడమంటే సగమే నేర్పినట్టు. ఆ మిగతా సగం ఏమిటో తెలిసినవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. అయినా నాకు తట్టలేదు. తట్టాలంటే నాకు జరిగింది నిజంగా జరిగిందని ముందు నేను ఒప్పుకోవాలి గదా.

పోయిన ఏడాది జిల్లా పోటీకి నన్ను గోడ తిరిగే వైపు వేశారు. ఈదే వరసల్లో మూడో లేను, నాలుగో లేను నావి. అమ్మాయిల వంద మీటర్ల కప్ప ఈత, నాలుగో లేనులో మా పిల్ల. పోటీకి పెద్దగా ఉన్న రిఫరీ మేడం దగ్గరికి వెళ్ళి, "ఆ అమ్మాయి మా అక్క కూతురండీ, నన్ను ఇంకో వైపు వేయండి," అన్నాను. ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. విజిల్ ఊదీ ఊదీ గొంతు కూడా విజిల్ లాగే అయిపోయింది. "రావాల్సిన జడ్జీల్లో సగంమంది రాలేదు. ఉన్నవాళ్ళలో తమవాళ్ళు లేనిదెవరికి? ఆయన కూతురు ఏడో లేను, ఈయన తమ్ముడి కూతురు రెండో లేను. కళ్ళున్నాయి కదా, వెళ్ళి నిలబడండి," అంది.

ఆ రోజు బావ వచ్చాడు. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత. కూతురు మూడు రోజులు అన్నం మానేస్తానని బెదిరిస్తే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు బయటే నిలబడిపోయాడు.

"లోనికి రానిత్తారేటి? ఎవడేనా గుర్తుపడతాడేమోరా."

"నిన్ను గుర్తుపట్టినోళ్ళు ఎవరూ మిగల్లేదు బావా, రా," అన్నాను.

గేలరీలో అందరికంటే పై మెట్టు మీద కూర్చున్నాడు. ఈసారి గట్టు దగ్గరికి రాలేదు.

విజిల్ మోగింది. ఎనిమిదిమంది దూకారు. మా పిల్ల దూకిన తర్వాత ఒకటే కొట్టిందని ఆ వైపు జడ్జి చెయ్యి లేవకపోవడం చూసి తెలుసుకున్నాను. యాభై మీటర్లు నా వైపు వస్తున్నారు. మూడో లేను అమ్మాయి, మా పిల్ల పక్కపక్కనే ఉన్నారు. రెండు చేతులూ ఒకేసారి గోడకి తగిలాయి, బాగుంది. తిరిగింది. గోడను తన్నింది. చేతులు తొడలదాకా లాగింది. కాళ్ళు జోడించి ఒకటి కొట్టింది, బాగుంది. అప్పుడు గోడకి కొట్టుకున్న నీళ్ళు వెనక్కి తిరిగి దాని వీపు మీంచి పోవడం నేను పైనుంచి చూశాను. చూస్తూనే నాకు తెలిసిపోయింది. వద్దమ్మా అని మనసులో అనుకునేలోపే దాని పాదాలు ఇంకోసారి కలిసి కిందకి దిగాయి. చిన్న తన్ను, చీలమండల దగ్గర్నుంచే. అంతలో కప్ప తన్ను వచ్చేసింది, తల పైకి లేచింది.

అనుమానం ఉందా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. కొంచెం అనుమానం దొరికితే చాలు, ఆ అనుమానం కాళ్ళకి మొక్కి పిల్లని ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. దొరకలేదు. నేను పుట్టి పెరిగింది ఆ రెండో తన్ను చూస్తూనే.

చెయ్యెత్తాను.

మిగతా యాభై మీటర్లూ నా చెయ్యి అలాగే ఉంది. పిల్ల చూడలేదు, నా వైపు వీపు పెట్టి ఈదుకుంటూ పోతోంది. ఆ యాభై మీటర్లు అది ఎంత బాగా ఈదిందో ఈ జన్మలో మర్చిపోను. రెండోదిగా వచ్చింది. గేలరీలో పై మెట్టు మీంచి బావ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కొడుతూ కొడుతూ నా చెయ్యి చూసి ఆపేశాడు.

చీటీ రాశాను. నాలుగో లేను, గోడ తిరిగాక కప్ప తన్నుకి ముందు రెండు డాల్ఫిన్ కిక్‌లు. నా అక్షరాలు నాకే కొత్తగా కనిపించాయి. రిఫరీ మేడం చీటీ చదివి నా మొహం చూసి, "ఖాయమేనా?" అంది. "ఖాయమేనండీ," అన్నాను. సంతకం పెట్టేసింది. మైకులో చెప్పేశారు.

బావ మెట్లు దిగి వచ్చాడు. రిఫరీ మేడం ముందుజాగ్రత్తగా తన కాగితాలు ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడకి పాత కథ తెలుసో, బావ నడక చూసి తీసుకుందో చెప్పలేను. బావ నా ముందు నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, ఎండకి ఉప్పుకి నల్లగా బిగిసిపోయిన మొహం.

"నువ్వు సూసేవా?"

"సూసేను బావా."

అప్పుడు కూతురి వైపు తిరిగాడు. అది ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, వణుకుతూ నిలబడి ఉంది. "ఏటమ్మా, తన్నేవా?" అన్నాడు. అదే ప్రశ్న. అదే గొంతు.

పిల్ల ఒక్క క్షణం తల దించుకుంది. రాష్ట్ర పోటీ దాని చేతికందినట్టే అంది జారిపోతోంది. ఒక్కమాట, తన్నలేదంటే చాలు, తండ్రి ఆ గట్టు మీద ఎవర్నీ బతకనివ్వడు. అది తల ఎత్తింది.

"తన్నేను నాన్నా. రెండు తన్నేను. గోడకాడ కెరటం తగిలినట్టు తగిలింది, కాళ్ళు ఆగలేదు. మావయ్య సరిగ్గానే సూసేడు."

బావ కూతురి భుజాల మీద తువ్వాలు కప్పాడు. కప్పి, నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఏదో అడగబోతున్నాడనుకున్నాను. అడగలేదు. "పదమ్మా," అని తీసుకెళ్ళిపోయాడు. నాకిచ్చిన పులిహోర పొట్లం ఆ మధ్యాహ్నం విప్పలేదు.

బావ మూడు వారాలు నాతో మాట్లాడలేదు. అక్క ఫోను చేసి, "నీ మీద ఏటీ అనడం నేదురా. అసలు ఏటీ మాటాడ్డం నేదు. వల ముందేసుకుని కూకుంటన్నాడు," అంది. పిల్ల మాత్రం సోమవారం ఆరింటికల్లా పూల్ దగ్గర ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వచ్చే ఏడు పెద్దవాళ్ళతో పోటీ, అక్కడ ఇంకా గట్టివాళ్ళుంటారు, ఆ సంగతి దానికీ తెలుసు. నీళ్ళలోకి దిగి, గోడ పట్టుకుని, నన్ను అడిగింది.

"మావయ్యా, నీకు కూడా ఆ రోజు నీళ్ళు అలాగే తగిలేయా?"

"తగిలేయి."

"మరి నీ కాళ్ళు ఎలాగాగేయి? నాను ఎంత సూసుకున్నా ఆగలేదు. నువ్వెలా ఆపేవో అది నాకు నేర్పు మావయ్యా."

అది నన్ను దెప్పడానికి అడగలేదు. అలా అడిగినా బాగుండేది. పుట్టినప్పటినుంచీ విన్న కథని నమ్మి అడిగింది. రెండు తన్నకుండా ఆగిన మనిషి ఈ భూమ్మీద ఒకడున్నాడు, వాడు మన ఇంట్లోనే ఉన్నాడు అని నమ్మి అడిగింది. సిగ్గు అంటే ఏమిటో నాకు ఆ ఉదయం తెలిసింది. అయినా, "తర్వాత సెప్తాను, ముందు నాలుగొందలు కొట్టు," అన్నాను. అది సరేనని ఈదుకుంటూ వెళ్ళింది.

ఆ మూడో వారంలో బావ పడవ మోటారు పాడైంది. ఇరుసు వంగిపోయింది. ఆటోనగర్‌లో ఇనుము చెక్కే లేతు మిషను మీద పని చేసే మనిషి నాకు బాగా తెలుసు, వేటకి పోవడం ఆగిపోయింది, ఇక బావకి నన్ను పిలవక తప్పలేదు. అదీ అక్క చేతే చేయించాడు. ఒడ్డు నుంచి ఆటో ఎక్కాం. మోటారు మా ఇద్దరి మధ్యా కూర్చుంది. చేపలకంపు, డీజిలుకంపు భరించలేక ఆటోవాడు తల బయటపెట్టి నడిపాడు. పోర్టు రోడ్డు మీద బొగ్గు లారీల వెనక గంటసేపు పోయాం. వాన రాకముందు ఎలా ఉక్కపోస్తుందో అలా ఉంది ఆ ఆటోలో.

లేతు షాపులో ఇరుసు విప్పి, రెండు గంటలు పడుతుందన్నారు. రేకుల షెడ్డు కింద రెండు ఖాళీ డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నాం. టీ వచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని ఇక ఆగలేకపోయాను.

"బావా, ఆ రోజు నాను తన్నేను."

"ఏ రోజు?"

"నీకు తెలుసు ఏ రోజో. రెండు తన్నేను. గంగమ్మ మీద ఒట్టేసి అబద్ధం ఆడేను."

బావ టీ ఊదుకుంటున్నాడు. ఊదడం ఆపలేదు. ఒక గుక్క తాగాడు.

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"గోడకాడే కూకున్నాను గదరా. నా కాళ్ళ కిందనుంచే ఎల్లేవు. ఒకటి దూరడానికి, ఒకటి దాటడానికి. నాను నేర్పినట్టే తన్నేవు. బాగా తన్నేడని లోపల సంబరపడ్డాను కూడాను."

లోపల లేతు మిషను ఇనుము గీకుతూ అరుస్తోంది. ముప్పై ఏళ్ళు దాచుకున్న దొంగసొత్తు, దాచినప్పుడే ఎదురింటాయన చూశాడని తెలిస్తే ఎలా ఉంటుంది?

"తెలిసీ ఎందుకు దెబ్బలాడేవు బావా? ఆ పెద్దాయన కాగితాలు నీళ్ళలో ఎందుకు పడీసేవు?"

బావ నన్ను వింతగా చూశాడు.

"నువ్వు తన్నలేదన్నావ్ గదరా."

టీ గ్లాసు కింద పెట్టి, మొహం తుడుచుకునే మిషతో తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. బావ అది గమనించనట్టు రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

"మరి ఇన్నేళ్ళూ ఒక్కపాలి కూడా అడగలేదేం?" అన్నాను.

"అడిగితే మల్లీ అబద్ధం ఆడతావ్. నీ సేత రెండోపాలి ఆడించడం ఎందుకని."

"నాను సెయ్యెత్తేనని నీకు కోపం..."

"సెయ్యెత్తితే కోపమేటి? సూసినోడివి ఎత్తేవు. అది సిన్నపిల్ల, అంతమందిలో రెండు తన్నేనని సెప్పీసింది. నువ్వు పక్కనే ఉన్నావ్. అప్పుడైనా అంటావేమో, నాను కూడా తన్నేనమ్మా అంటావేమో అని సూసేను. నోరు మెదపలేదు." మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "దానికి సెప్పేవా?"

"నేదు."

"సెప్పు. కాళ్ళు ఆపడం నీకొచ్చని అది నమ్ముకునున్నాది."

ఇరుసు సరిచేయించుకుని మళ్ళీ ఆటోలోనే ఒడ్డుకి తిరిగొచ్చాం. దింపేటప్పుడు మోటారు బరువు వైపు బావే పట్టుకున్నాడు, ఎప్పుడూ పట్టుకున్నట్టే.

మర్నాడు పొద్దున్న పిల్ల నీళ్ళలోకి దిగకముందే చెప్పేశాను. ఎక్కువ మాటలు పెట్టుకోలేదు. తన్నాను, తన్నలేదన్నాను, ఆ పెద్దాయన సరిగ్గానే చూశాడు. అది గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ విన్నది. కోప్పడుతుందనుకున్నాను.

"అయితే ఆపడం మనింట్లో ఎవరికీ రాదన్నమాట," అంది.

"రాదు."

"మరేటి సేద్దాం?"

ఏం చేయాలో వాళ్ళ నాన్న చెప్పాడు. నీళ్ళు కదలకపోతే కాళ్ళకేం తెలుస్తుంది, కదిలించండి అన్నాడు. కదిలించడానికి తనే వచ్చాడు. ఒక ఆదివారం పొద్దున్న, నా పాత నిక్కరు వేసుకుని పూల్ గేటులోకి వచ్చాడు. రబ్బరు టోపీ లేకపోతే నీళ్ళలోకి దిగనివ్వనని కాపలా మనిషి పట్టుబట్టాడు. ముప్పై ఏళ్ళు వేట చేసిన మనిషి నెత్తిన నీలం రబ్బరు టోపీ పెట్టుకుని, "ఏటిరా ఈ యేసం," అని తిట్టుకుంటూ దిగాడు. ఈత నేర్చుకునే పిల్లలు పట్టుకునే తేలే పలకలు రెండు చేతుల్లో పట్టుకుని గోడ దగ్గర నిలబడి నీళ్ళు బాదడం మొదలుపెట్టాడు. కెరటాల సంగతి బావకి ఒకరు చెప్పాలా? పిల్ల గోడ తిరిగేసరికి సరిగ్గా మొహం మీదికి నీళ్ళ ముద్ద వచ్చేలా కొట్టేవాడు. మొదటి రోజు అది పన్నెండుసార్లు తిరిగితే పన్నెండుసార్లూ రెండు తన్నింది. నేను గట్టు మీంచి పన్నెండుసార్లూ చెయ్యెత్తాను.

పదమూడోసారి అది గోడ పట్టుకుని ఆగి, నీళ్ళలోంచి బయటికొచ్చేసింది.

"నువ్వు దిగు మావయ్యా. నాను గట్టు మీద నిలబడతాను."

"నాకెందుకే ఈ వయసులో?"

"దిగు," అన్నాడు బావ, పలకలు పైకెత్తి పట్టుకుని.

దిగాను. ఎన్నేళ్ళయిందో నేను గోడ తిరిగి. అవతలి చివర్నుంచి ఈదుకుంటూ వచ్చాను, పొట్ట అడ్డం వస్తోంది, ఊపిరి చాలడం లేదు. ఒకటే తన్నాలి, ఒకటే, అనుకుంటూ వచ్చాను. రెండు చేతులూ గోడకి ఆనించి, తిరిగి, తన్ని, నీళ్ళ కిందకి దూరాను. బావ కొట్టిన నీళ్ళ ముద్ద మొహం మీద పడింది. కళ్ళు మూసుకున్నాను.

తల పైకెత్తి వెనక్కి తిరిగి చూస్తే, బావ పలకలు పక్కన పడేసి నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. గట్టు మీద నా మేనకోడలు కుడి చెయ్యి నిటారుగా పైకెత్తి నిలబడి ఉంది. దాని మొహంలో నవ్వు లేదు. జడ్జి ఎలా నిలబడాలో అలాగే నిలబడింది.

"ఎన్ని మావయ్యా?" అంది.

"రెండు," అన్నాను.